బుద్ధి మారిందా, భయం పట్టిందా?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది పలాస దగ్గర ఒక పల్లె. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఉమ్మడి కుటుంబం. నాలుగెకరాల జీడితోట, ఇరవై మంది ఆడవాళ్ళు పిక్క కొట్టే చిన్న బట్టీ ఉన్నాయి. తిత్లీ తుఫానుకి తోట ముప్పాతిక వంతు పోయింది, అప్పుల్లో పడ్డాం. అప్పట్నుంచి ఇంట్లో మనుషులు మనుషుల్లా లేరు. నవ్వుతూ నవ్విస్తూ తిరిగే మా బావగారు నోరు తెరిస్తే అబద్ధం. అప్పులవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబుతున్నారు. న్యాయం తప్పని మనిషని ఊళ్ళో పేరున్న మా అత్తగారు సాయంత్రం పనివాళ్ళ కొంగులు దులిపించి గానీ ఇంటికి పంపడం లేదు. మా మరిది 240 రకం జీడిపప్పులో చిన్న గింజ 320 రకం కలిపి అమ్ముతున్నాడు. మా ఆయన చీమకి కూడా అపకారం చెయ్యని మనిషి, నోరు విప్పరు. బావగారి అప్పులకి ఈయన జామీను సంతకాలు పెట్టారని మొన్న బయటపడింది. అడిగితే "చూద్దాంలే" అంటారు. ఇదంతా భయం వల్ల వచ్చిందా, లేక వీళ్ళ అసలు బుద్ధే ఇదా? అసలు బుద్ధే అయితే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోదామనుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం పదకొండు పేజీలు. పైన వేసింది అందులో పదో వంతు కూడా కాదు. ఇల్లు గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. మొత్తం రెండుసార్లు చదివాను. రెండోసారి ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు మనవాళ్ళు. నేను దాన్ని సగమే నమ్ముతాను. స్వభావం పోదు, నిజమే. అయితే మనవైపు కంబారి ఉంటాడు చూడండి, ఈ ఏడాది ఏ బుగత, అంటే ఏ ఆసామి, దగ్గర కుదిరితే ఆ బుగత పొలం దున్నుతాడు. చేతిలో సత్తువ అదే, నాగలి పట్టే తీరూ అదే. పొలమే మారుతుంది. మనిషి స్వభావం కూడా అలాంటి కంబారే. మీ ఇంట్లో నలుగురి స్వభావాలూ పద్నాలుగేళ్ళ కిందట ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. బుగతే మారాడు, ఇప్పుడవి భయం దగ్గర కుదిరాయి.

మనుషుల్లో తీరులు వేరువేరన్నది కొత్త సంగతేం కాదు. పాత గ్రీకు వైద్యులు ఒంట్లోని నాలుగు ద్రవాలను బట్టి నాలుగు రకాల మనుషులన్నారు: హుషారు మనిషి, కోపిష్టి, దిగులు మనిషి, నిదానస్థుడు. మనవాళ్ళు వాతం, పిత్తం, కఫం అన్నారు. ఆ గ్రీకు ద్రవాల లెక్క ఇప్పటి డాక్టర్లు పట్టించుకోరు గానీ తీరుల మాట నిలిచింది. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి 133 మంది పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. నెలల పిల్లల్లోనే తేడాలు కనబడ్డాయి. ఒకడు కొత్తవాళ్ళ చేతుల్లోకి దూకేస్తాడు, ఇంకొకడు అమ్మ భుజం వదలడు. ఏ తీరూ దానంతటది చెడ్డది కాదనీ, ఆ తీరుకీ చుట్టూ ఉన్న పరిస్థితికీ పొసగనప్పుడే మనిషి చెడతాడనీ వాళ్ళు తేల్చారు.

మీ ఇంటికి ఇంతకన్నా దగ్గరి కథ ఒకటుంది. గంట మోగిస్తే కుక్క నోట్లో నీళ్ళూరతాయని బడిలో చదువుకున్నాం కదా, ఆ పావ్‌లోవ్ గారి కుక్కలదే. ఆయన కూడా కుక్కల్ని స్వభావాన్ని బట్టి పాత గ్రీకు పేర్లతోనే నాలుగు రకాలుగా విడదీసేవాడు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కి పెద్ద వరదొచ్చింది. బోనుల్లోకి నీళ్ళు వచ్చేశాయి, కుక్కలు పైకప్పుకి ముక్కులు ఆనించి ఈదుతున్నాయి. బోను తలుపులేమో కింద ఉన్నాయి. పనివాళ్ళు వాటి తలలు నీళ్ళలోకి ముంచి, ఆ తలుపుల్లోంచి బయటికి లాగి కాపాడారు. తర్వాత చూస్తే కొన్ని ఎప్పట్లాగే ఉన్నాయి, కొన్ని మాత్రం నేర్చుకున్నదంతా మర్చిపోయాయి. అన్నీ ఒకే నీళ్ళలో మునిగాయి, ఒకేలా బయటపడలేదు. బాగైందనుకున్న కుక్క ఒకటి, తలుపు కిందనుంచి సన్నగా నీటిధార వదిలేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి మీ ఇంటి పైకప్పు మీద ఏం చేసిందో మీరు రెండు పేజీలు రాశారు. నేనిక్కడ మళ్ళీ చెప్పను, మీ ఉద్దానం ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు కూడా. ఇప్పటికీ టీవీలో 'వాయుగుండం' అన్న మాట వినబడగానే అత్తగారు లేచి వెళ్ళి గోదాము తాళం లాగి చూసొస్తారని రాశారే, అదే ఆ నీటిధార.

కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం అని మన పెద్దలు ఆరుగురు శత్రువుల్ని లెక్కపెట్టారు గానీ అందులో భయం లేదు. నాకది ఎప్పుడూ ఆశ్చర్యమే. దానికి సొంత ముఖం లేదనేమో. ఒకరి దగ్గర కోపంలా కనబడుతుంది, ఒకరి దగ్గర పిసినారితనంలా. మీ ఆయన దగ్గరైతే మంచితనంలా కనబడుతోంది. అందుకే ముందు ఆయన సంగతి. మీ ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదం బావగారి అబద్ధాల కంటే ఈ మౌనమే అని నా అభిప్రాయం.

మా నాన్న ఇలాంటి మనిషే. బడిపంతులు. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. తోటి ఉద్యోగి ఒకాయన అప్పుకి జామీను ఉన్నారు, ఆయన కట్టలేదు, నాన్న జీతంలో కోత పడింది. మూడేళ్ళు ఇంట్లో చెప్పలేదు. నెలాఖరున కొత్త చెప్పులు కొనమంటే "ఇవింకా బాగానే ఉన్నాయి కదా" అనేవారు. ఒకరోజు చొక్కా ఉతకడానికి తీస్తుంటే జేబులో జీతం చీటీ అమ్మ చేతికొచ్చింది. మేమందరం పెద్ద గొడవైపోతుందని గాబరాపడ్డాం. అమ్మ చేటలో బియ్యం పోసుకుని నాన్న పక్కన కూర్చుంది. ఆయన ముఖం వైపు చూడకుండా, రాళ్ళు ఏరుతూ, "ఇంకెన్ని ఉన్నాయి?" అంది. ఎందుకు పెట్టారు, నాకెందుకు చెప్పలేదు, ఇవేవీ అడగలేదు. నాన్న కాసేపటికి రెండు వేళ్ళు చూపించారు. అంతే. ఆ రాత్రే అన్నీ చెప్పేశారు.

నిదానస్థుడి మంచి గుణమంతా గొడవ పడకపోవడంలో ఉంటుంది. భయం పట్టాక ఆ గుణమే సంతకం పెట్టిస్తుంది. కాదంటే అన్నయ్య ముఖం మాడుతుంది, పెట్టేస్తే ఈ పూట గడిచిపోతుంది. అలాంటి మనిషిని "ఎందుకు చేశారు" అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఇంకా లోపలికి పోతాడు. పక్కన కూర్చుని, చేతుల్లో ఏదైనా పని పెట్టుకుని, అంకెల్లోనో, అవును కాదుల్లోనో జవాబొచ్చే ప్రశ్నలు అడగండి. ఎన్ని ప్రామిసరీ నోట్లు? ఎవరి దగ్గర? తేదీలేంటి?

తేదీ మాట ఊరికే అనలేదు. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. అందుకే గడువు దగ్గరపడేసరికి అప్పిచ్చినవాళ్ళు వంద రూపాయలో ఐదొందలో కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించుకుని, సంతకం తీసుకుంటారు. అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. వాళ్ళు చేసేది తప్పేం కాదు, వాళ్ళ డబ్బు వాళ్ళకి రావాలి. కానీ మీ ఆయనలాంటి మనిషి ఏం రాశారో చదవకుండానే చెల్లు మీద సంతకం పెట్టేస్తాడు. ఇకమీద ఏ కాగితం మీదైనా 'మా ఇంట్లో అడిగి రేపు చెబుతాను' అనడం ఆయనకి నేర్పండి. 'కాదు' అనడం ఈ వయసులో రాదు. 'రేపు' అనడం ఆయనకి వచ్చు, ఇన్నాళ్ళూ మీతో అంటున్నది అదే కదా! ఉన్న నోట్ల వివరాలు తీసుకుని శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. జామీనుదారుగా ఆయన మీద ఎంత భారం పడుతుందో వాళ్ళు చెబుతారు.

బావగారిది వేరే తీరు. మీరు రాసిన ఆ సాయంత్రమే చూడండి. అప్పిచ్చినాయన గేటు దగ్గర బండి ఆపగానే "రండి బాబూ రండి, మీకోసమే చూస్తున్నా" అని ఎదురెళ్ళారు, టీ పెట్టించారు, విశాఖ నుంచి సోమవారం డబ్బొస్తుందన్నారు. విశాఖ నుంచి మీకు డబ్బు పంపేవాళ్ళెవరూ లేరు. అప్పాయన వెళ్ళాక బావగారు తన గ్లాసు ఎత్తబోతే టీ చొక్కా మీద ఒలికింది, అంతలా వణికింది చెయ్యి. మోసం చేద్దామని కూర్చున్నవాడి చెయ్యి అలా వణకదు. హుషారు మనిషికి ఎదుటివాడి ముఖంలో నవ్వు ఆరిపోవడం చూడటమంటే ప్రాణసంకటం. పదిమందిని నవ్వించిన నోరే ఇప్పుడు ఆ ఒక్కడి ముఖం మాడకుండా కాపాడటానికి అబద్ధమాడుతోంది. నలుగురిలో నిలదీస్తే ఇంకో అబద్ధం పుడుతుంది తప్ప లాభం లేదు. మాట ఆయనకే వదలండి, కాశీబుగ్గ వ్యాపారులతో బేరాలు ఆయనే చూసుకోవాలి. కానీ తేదీలు, డబ్బు మీ చేతిలో ఉండాలి. ఆయన గడువు చెప్పేముందు మిమ్మల్ని అడగాలి. ఈ ఏర్పాటుకి ఆయన లోలోపల సంతోషిస్తారని నా ఊహ.

అత్తగారి దగ్గర నేనింత మెత్తగా మాట్లాడలేను. ఏభై దాటిన మనిషి, పిక్క కొట్టీ కొట్టీ జీడి నూనెకి వేళ్ళు నల్లబడి, తోలు లేచిపోయిన చేతులు. గుమ్మం దగ్గర నిలబెట్టి కొంగు దులపమన్నారు. సగం కాల్చిన చుట్ట ఒకటి, మడతపెట్టిన పది రూపాయల నోటు ఒకటి కింద పడ్డాయి. జీడిబద్ద ఒక్కటి లేదు. ఆమె వంగి ఆ రెండూ ఏరుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోయిందని రాశారు.

మీ అత్తగారు గట్టి మనిషి. కూలి లెక్కలో ఇరవై ఏళ్ళు రూపాయి తేడా రానివ్వలేదన్నారు. గట్టివాళ్ళకి పగ్గం చేతిలో ఉన్నంతసేపూ న్యాయం తెలుస్తుంది. ఒక్క రాత్రిలో తోటంతా నేల కూలితే ఆ చేతికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, ఆ పూట పేదదాని కొంగు దొరికింది. ఇదంతా నాకు అర్థమవుతుంది. ఆ కూలిమనిషి మాత్రం దీన్ని అర్థం చేసుకోవాల్సిన పని లేదు. ఆమె ఇంటి పైకప్పు కూడా అదే రాత్రి ఎగిరిపోయింది కదా. కొంగులు దులిపించడం రేపే ఆగాలి, అత్తగారు బాధపడినా సరే. బదులుగా ఆమె చేతికి తూకం అప్పగించండి. పొద్దున ఎవరికెన్ని పిక్కలిచ్చారో, సాయంత్రం పప్పెంత వచ్చిందో ఆమే తూచి రాయాలి. పిక్కల బరువులో సుమారు నాలుగో వంతు పప్పు దిగుతుంది, 80 కిలోల బస్తాకి ఇరవై కిలోలకి అటూఇటూ. దొంగతనం ఉంటే తూకమే చెబుతుంది. ఆ కొంగు దులిపించుకున్న మనిషి దగ్గరికి మీ ఇంట్లోంచి ఎవరో ఒకరు వెళ్ళాలి. మీరే వెళ్ళండి.

మరిది సంగతి త్వరగా తేల్చేస్తాను. ఆ అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నదని బట్టీలో అందరికీ తెలుసు. 240 ధరకి 320 అంటగట్టడం భయంతో మొదలైందేమో, నాకు తెలీదు. కానీ రేటు బాగున్న ఏడాది కలపడం మానాడా, పెంచాడా? పెంచాడని మీరే రాశారు. ఆ డబ్బుతో అప్పు తీరలేదు, కారొచ్చింది. అదీ తన చిన్నాన్న కొడుకు కొన్న నెలకే. ముప్పు తగ్గినప్పుడు భయం కాస్తయినా సడలుతుంది. లోభం అప్పుడే విజృంభిస్తుంది. పక్కన మాత్సర్యం కూడా చేరితే ఇక చెప్పక్కర్లేదు. ఇంట్లో అందరి మీదా చూపే జాలిని ఇతని మీద ఖర్చుపెట్టకండి. గ్రేడింగ్ అతని చేతుల్లోంచి తీసెయ్యండి, అతని అమ్మకాల లెక్క వేరుగా రాయించండి. ఒప్పుకోకపోతే వాటాలు పంచుకోవడమే మేలు. ఉమ్మడి కుటుంబం విడిపోవడం మహాపాపమేం కాదు.

ఇప్పుడు మీ మాట. మీకు కోపమొస్తుంది, అయినా చెప్పాలి. నలుగురి గురించి అడిగారు, ఆ ఇంట్లో ఐదో మనిషి కూడా ఉంది. మీరు జాగ్రత్త గల మనిషి, ఏదీ మర్చిపోరు. మీ ఉత్తరంలో తేదీలున్నాయి, టైములున్నాయి. ఆయన నిద్రపోయాక రోజూ రాత్రి ఫోన్ తీసి చూస్తున్నానని ఒకచోట రాశారు, పళ్ళు తోముకున్నానని రాసినంత మామూలుగా. కొంగు దులిపించిన రోజు మీరూ ఆ గుమ్మంలోనే ఉన్నారు. ఆ పూట మీరు చేసిందేమిటి? నోట్‌బుక్‌లో 'సాయంత్రం 5.40' అని రాసుకున్నారు. మిగతా నలుగురినీ పట్టిన భయం మిమ్మల్ని మాత్రం ఎందుకు వదిలేస్తుందమ్మా? మీ జాగ్రత్తని కాపలా ఉద్యోగంలో పెట్టుకుంది. ఆ నోట్‌బుక్ పారెయ్యకండి, నోట్ల లెక్కకీ తూకం లెక్కకీ పనికొస్తుంది. ఫోన్ చూడటం మానెయ్యండి.

పుట్టింటికి వెళ్ళడం గురించి: చెయ్యి చేసుకోవడం గానీ, పిల్లలకి హాని గానీ ఉంటే ఈ సమాధానం మొత్తం పక్కన పెట్టి ఈ రాత్రికే వెళ్ళండి, 181కి ఫోన్ చెయ్యండి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. లేనప్పుడు, అసలు బుద్ధి తేల్చుకుని నిర్ణయిద్దామనుకుంటే జీవితాంతం తేలదు. మూడు నెలలు పెట్టుకోండి. నోట్ల లెక్క బయటికొచ్చిందా, కొంగులు దులపడం ఆగిందా, మరిది లెక్క వేరైందా, ఈ మూడే చూడండి. మూడింట్లో ఏదీ జరగకపోతే వెళ్ళండి, అప్పుడు మిమ్మల్ని ఆగమని నేను కూడా అనను. ఈలోగా గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఎక్కువైతే 14416కి చెయ్యండి. టెలిమానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ఇక ఏడో పేజీ. మధ్యలో ఒక్క వాక్యం, మీరే పెద్దగా పట్టించుకోకుండా రాసేశారు. "మామగారు కిడ్నీతో పోయారు, ఈయన కూడా మొన్న సంక్రాంతి ముందు రక్తం ఇచ్చి వచ్చారు గానీ రిపోర్టు తెచ్చుకోలేదు." తర్వాతి వాక్యంలో మళ్ళీ బావగారి అప్పుల్లోకి వెళ్ళిపోయారు.

అమ్మా, నాకు ఉద్దానంలో చుట్టాలున్నారు. తుఫాను గురించి అందరూ గంటలు గంటలు చెబుతారు. కిడ్నీ ఎలా ఉందో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ గురించి ఎవరూ పైకి మాట్లాడరు, అంకె అడిగితే మాట మార్చేస్తారు. ఆ జబ్బు మీ ప్రాంతాన్నే ఎందుకు పట్టుకుందో ఇప్పటికీ ఇదీ అని తేలలేదు. కారణం తెలియని దాన్ని చూస్తే భయం రెట్టింపు. తండ్రిని డయాలసిస్‌కి తిప్పిన మనిషి, రక్తం ఇచ్చాడు, కాగితం మాత్రం తెచ్చుకోలేదు. 'చూద్దాంలే' అంటున్నది అప్పుల గురించేనని మీరనుకుంటున్నారు. నాకు నమ్మకం లేదు. తన తర్వాత మీకూ పిల్లలకీ అన్నయ్యే దిక్కనుకుంటే, అన్నయ్య చాపిన ప్రతి కాగితం మీదా మనిషి సంతకం పెడతాడు.

ఇదంతా నా ఊహే కావచ్చు. తేల్చుకోవడానికి ఒక పొద్దు చాలు. ఎవరికీ చెప్పకండి, ఆయన్ని వెళ్ళమని పంపకండి. పిల్లల్ని బడికి పంపాక బండి వెనకాల ఎక్కి కూర్చుని, "పలాస పని ఉంది, పదండి" అనండి. పాత చీటీ పోయి ఉంటే గొడవ లేదు, మళ్ళీ రక్తం ఇవ్వచ్చు. అంకె ఎక్కువే వచ్చినా తొందరగా తెలియడం మంచిదే. బీపీ అదుపులో పెట్టుకుని, ఒళ్ళునొప్పులకి కొట్లో దొరికే నొప్పి మాత్రలు మానేసి, డాక్టరు చెప్పినట్టు ఉంటే జబ్బు నడకని చాలావరకు నెమ్మదింపజేయవచ్చు. కాగితం చేతికొచ్చాక ఇంటిదాకా మోసుకురాకండి. అక్కడే బయట టీ బడ్డీ బల్ల మీద కూర్చుని, రెండు టీలు చెప్పి, ఇద్దరూ కలిసి విప్పండి. ఆ తర్వాత, ఆయన టీ సగం తాగాక, "ఇంకెన్ని నోట్లున్నాయి?" అని అడగండి.